మనము కట్టు బట్ట – మన బాధ్యత

గడచిన పండుగకు మేమొక పట్టణమున జవుళి దుకాణమునకు పోయి, చేనేత నూలుగుడ్డ యని చెప్పగా నమ్మి, చొక్కాలకు కొంత గుడ్డ కొంటిమి. "అచ్చమైన నూలండి, చేతి నేతండి" యని దుకాణములోని వారు మూడుమార్లు చెప్పిరి. ఇంటికి వచ్చిన పిదప, ఎందులకో సందేహము కలిగి, కొసనుండి రెండు పోగులు లాగి దీపపు సెగకు చూపితిమి. నూలుపోగు కాగితమువలె మండి మెత్తని బూడిద కావలెను. మా పోగు కొంత మండినది, కొంత ముడుచుకొని కరగినది. చల్లారిన పిదప వ్రేళ్ల నడుమ నలిపి చూడగా నల్లని గట్టిపూసలు చేతికి తగిలినవి. మేము కొన్నది సగము పత్తి, సగము కిరసనాయిలునకు తోబుట్టువు!

మాకు దుకాణదారుపై కంటె మాపైననే ఎక్కువ కోపము వచ్చినది. మన అవ్వలు గుడ్డను వ్రేళ్లతో నలిపి, వెలుతురునకు పట్టి, కొసను నీటితో తడిపి, నేత యెట్టిదో పోగు లెట్టివో చెప్పగలిగియుండిరి. నేడు మనము రంగును, ధరను, అద్దములో మన రూపమును మాత్రమే చూచుచున్నాము. బియ్యములో రాళ్లున్నవేమోయని చూచుకొనువారము, పాలలో నీళ్లున్నవేమోయని అడుగువారము. దినమున ఇరువదినాలుగు గంటలు ఒంటిని అంటియుండు బట్ట దేనితో చేయబడినదో అడుగుట మానివేసితిమి. ఈ యజ్ఞానమునకు మనము చెల్లించు మూల్యము మన జేబుతో ముగియుట లేదు. చెఱువులును, నదులును, పత్తి రైతును, నేతగాడును దానిని చెల్లించుచున్నారు.

నూనె గనులనుండి వచ్చిన బట్ట

1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయన శాస్త్రజ్ఞులు పాలిస్టరు నారను కనిపెట్టిరి. ముడి చమురునుండి తీసిన పదార్థములను కలిపి, కరగించి, సన్నని రంధ్రములగుండ పోగులుగా లాగుటయే దీని తయారీ. నీళ్లసీసాకును ఈ బట్టకును మూలపదార్థ మొక్కటియే. అప్పటికి వింతగా నుండిన యీ నార నేడు ప్రపంచమున తయారగు నారలన్నిటిలో సగమునకు మించిన భాగమును ఆక్రమించినది. పత్తి భాగము సుమా రైదవ వంతునకు దిగినది.

దీనికి గుణములు లేవని మేము చెప్పము. ఇది త్వరగా ఆరును, ముడుతలు పడదు, చిరుగదు, చవక. దినమంతయు రాళ్లు మోయు కూలివాడు పాలిస్టరు కలిసిన చొక్కా తొడిగినచో అతనిని నిందించు నధికారము చల్లని గదులలో కూర్చున్న వారి కెవ్వరికిని లేదు. కాని దోషములును తెలియవలెను. నూలు తన బరువులో నూటికి ఎనిమిది పాళ్ల వరకు తేమను గాలినుండియే పీల్చుకొనును. పాలిస్టరు నూటికి అర పాలైనను పీల్చదు. మన కోస్తాలోని వేసవి ఉక్కలోను, తెలంగాణపు వడగాలిలోను ఒంటి చెమట ఎక్కడికి పోవలెను? అది బట్టకును చర్మమునకును నడుమ నిలిచి, చీదరయు చెమటకాయలును కలిగించును.

అంతకంటె పెద్దది కంటికి కనబడని దోషము. ఇట్టి బట్టలను ఉతికినప్పుడెల్ల సూక్ష్మమైన నారతునుకలు నీటిలో రాలును. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, ఆరు కిలోల ఆక్రిలిక్ బట్టలను ఒకమారు యంత్రములో ఉతికినచో ఏడు లక్షలకు పైగాను, పాలిస్టరు బట్టలనుండి దాదాపు అయిదు లక్షలును, నూలు కలిసిన పాలిస్టరునుండి లక్షా ముప్పదియెనిమిది వేల వరకును తునుకలు రాలవచ్చును. ఇవి మురుగుకాలువ వెంట చెఱువునకు, ఏటికి, తుదకు సముద్రమునకు చేరును. నూలు తునుకలైనచో కాలక్రమమున మట్టిలో కలిసిపోవును; ఇవి పోవు. పాత సీసాలను కరగించి నేసిన బట్ట సహితము ఉతుకునప్పుడు ఇట్లే రాలునని జ్ఞాపకముంచుకొనవలెను. సీసాకు మరియొక జన్మ కలుగుట మంచిదే గాని, దానితో పాపము తీరదు.

పత్తియు నిర్దోషి కాదు

అట్లయిన నూలుబట్ట కట్టినచో చాలునా? చాలదని చెప్పక తప్పదు. ఒక్క నూలుచొక్కాకు పొలమునుండి తయారీ వరకు 2,700 లీటర్ల నీరు పట్టునని లెక్కలు వేసినవారున్నారు. ఈ లెక్క అన్ని చోట్లను ఒకటి కాదు. కాలువ నీటితో ఎడారిలో పెంచిన పత్తికిని, తెలంగాణములో హెచ్చు భాగమువలె వానపై నాధారపడిన పత్తికిని భేదము కలదు. కాని పురుగుమందుల కథ అన్ని చోట్లను చేదే. 1997–98లో వరంగల్లు ప్రాంతమున పత్తిపైరు పురుగుబారిన పడి, మందులు పనిచేయక, అప్పులు పెరిగి, ఏ మందును పురుగునకు కొట్టిరో ఆ మందునే త్రాగి రైతులు ప్రాణములు తీసుకొనిన వృత్తాంతమును ఏ తెలుగువాడు మరవగలడు? 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన పిదప కాయతొలుచు పురుగునకు కొట్టు మందులు మొదట తగ్గినవి; కొన్ని యేండ్లకు గులాబిరంగు పురుగు ఆ విద్యను జయించినది. విత్తనమునకు దుకాణమును, మందునకు దుకాణమును, అప్పునకు అదే దుకాణమును ఆశ్రయించు స్థితి రైతునకు తప్పలేదు.

మార్గము లేకపోలేదు. ఖమ్మము జిల్లాలో నుండిన పునుకుల గ్రామమును, వరంగల్లు జిల్లాలో నుండిన ఏనబావి గ్రామమును ఈ శతాబ్దపు తొలి దశకములోనే విషపు మందులు విడిచి, వేప మున్నగు వానితో పైరులను కాపాడుకొనవచ్చునని చూపినవి. సేంద్రియ పత్తి పండించు దేశములలో భారతదేశమునకు అగ్రస్థానము కలదు. కాని ఆ పత్తిలో హెచ్చు పాలు విదేశముల దుకాణములకు పోవుచున్నది. పండించువారము మనము, కట్టువారు ఇతరులు. మనము అడిగిననాడు గదా మన దుకాణదారు దానిని తెప్పించుట!

రంగు వెనుక నున్న రంగు

పర్యావరణమునకు బట్టలవలన కలుగు కీడులో పెద్దపాలు పోగులో కాదు, అద్దకములో నున్నది. 1869లో ఎఱ్ఱని అలిజరిన్ రంగును, 1897లో నీలి రంగును జర్మనీ రసాయనశాలలు కృత్రిమముగా చేసి సంతలో పెట్టిన పిదప, మన చిరివేరును, నీలిమందును అడుగువారు తగ్గిపోయిరి. రంగులు చవకయై, వేలకొలది ఛాయలు దొరకినవి. వానిని అద్దిన నీరు ఎక్కడికి పోయెనని మాత్రము చాలకాలము ఎవరును అడుగలేదు. తమిళదేశమున తిరుప్పూరు అద్దకపు కర్మాగారముల మురుగుతో నొయ్యల్ నదియు, దానిపై కట్టిన ఒరత్తుపాలయము జలాశయమును పాడై, దిగువ రైతుల పొలములు చవుడెక్కినవి. రైతులు న్యాయస్థానము తలుపు తట్టిరి. 2011లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ కర్మాగారములను మూయించి, మురుగును బయటికి విడువకుండ శుద్ధిచేయు ఏర్పాటు చేసికొననిదే తెరువరాదని శాసించినది. ఒక్క యూరి కథ యిది. అద్దకము జరుగు ప్రతి యూరికిని యిందులో హెచ్చరిక కలదు.

మచిలీపట్టణము చెంత పెడనలో కలంకారీ అద్దకము ఇందుకు భిన్నమైన మార్గమున నడచినది. గుడ్డను ఉడికి శుభ్రపరచి, కరక్కాయ కషాయమును పాలును కలిపి నానవేయుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో పులియబెట్టినది నలుపునకు. పటిక తగిలిన చోట వేళ్ల రంగు పట్టి ఎఱుపు నిలుచును. టేకు అచ్చులతో అద్ది, పారు నీటిలో జాడించి, జాజియాకు మున్నగువానితో కాగులలో ఉడుకబెట్టుదురు. ఎండయు నీరును కాలమును ఈ పనిలో భాగస్వాములు. వాన కురిసినచో పని నిలిచిపోవును. కాలువలో నీరు లేకున్నను నిలిచిపోవును. ఇట్టి పని త్వరపడదు. త్వరపడలేదు కనుకనే ధర పలుకును.

ఇక్కడను సత్యము చెప్పవలెను. పెడన పేరుతో అమ్ముడగునదంతయు ఇట్టిది కాదు. రసాయనిక రంగులతో తెరపై ముద్రించిన గుడ్డ కలంకారీ పేరుతోనే సంతకు వచ్చుచున్నది. చెట్టు రంగులని చెప్పు చోటులందును కొన్నింట కృత్రిమ అలిజరిన్ చేరినది. అట్లే మగ్గముపై నేసినంతమాత్రమున బట్ట నిర్దోషి కాదు. మగ్గమునకు విద్యుత్తు అక్కఱలేదు, పొగ రాదు. ఇది గొప్ప గుణమే. కాని దానిపై కెక్కు నూలు హెచ్చు పాలు మిల్లు నూలే. దానిని అద్దు రంగులు పెక్కుచోట్ల రసాయనములే. ఆ నీరు వీధి కాలువలోనికే పోవుచుండును. అద్దువారి చేతులను చూచినవారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. కొనువారు "చేనేతయేనా?" యని అడిగి ఊరకుండక, "రంగు దేనితో?" యని కూడ అడుగవలెను.

పొందూరు చూపిన దారి

విత్తనము మొదలు నేత వరకు నిర్మలమైన బట్ట ఎట్లుండునో చూడగోరువారు శ్రీకాకుళము జిల్లాలోని పొందూరునకు పోవచ్చును. అచ్చటి సన్నఖద్దరునకు వాడు కొండపత్తి, పునాసపత్తి అను దేశవాళి రకములు పొట్టి పింజవి. మిల్లు యంత్రములకు పొడుగు పింజ కావలెను. కనుకనే అమెరికా జాతి పత్తి వచ్చి మన పాతజాతులను వెనుకకు నెట్టినది. యంత్రము త్రోసిపుచ్చిన పత్తిని పొందూరు స్త్రీలు చేరదీసిరి. వాలుగచేప దవడయెముకయందలి సన్నని పండ్లతో దూదిని దువ్వి, గింజ తీసి, ఏకి, రాట్నముపై నూరవ నంబరునకు మించిన సన్నని నూలు వడకుదురు. లోకమున ఏ యంత్రశాలయు చేయలేని దువ్వెనను ఒక చేప వారికి సమకూర్చినది. 1921లో గాంధీమహాత్ముడు తన 'యంగ్ ఇండియా' పత్రికలో ఈ నైపుణ్యమును కొనియాడెను.

ఈ గుడ్డకు చమురు అక్కఱలేదు, విద్యుత్తు అక్కఱలేదు. రంగు వేయని తెల్లపంచెకు రంగునీటి బాధయు లేదు. అది చినిగి మట్టిలో పడినచో మట్టియే యగును. ఐనను, అది నేడు ఏ స్థితిలో నున్నది? వడకువారిలో వృద్ధస్త్రీలే హెచ్చు. దినమంతయు కూర్చుండి వడికినను వచ్చు కూలి కూలిపనికి పోయినదానికంటె తక్కువ. కనుక వారి కూతుండ్రు రాట్నము ముట్టుట లేదు. పొందూరు ఖద్దరును పొగడువారికి కొదవలేదు, కట్టువారికే కొదవ. సభలో శాలువ కప్పుటకు మాత్రమే ఒక విద్యను బ్రతికించుట ఎవ్వరి తరమును కాదు.

జాతీయపతాకను రూపొందించిన పింగళి వెంకయ్యగారు పత్తి పైరుపై చేసిన పరిశోధనలవలన "పత్తి వెంకయ్య" యని పేరొందిరి. ఆ పతాక చిరకాలము చేత వడికి, చేత నేసిన గుడ్డతోనే తయారగుచుండెను. 2021 డిసెంబరులో నిబంధనలు సవరించి, యంత్రముపై నేసినదియు, పాలిస్టరుదియు కూడ చెల్లునని ప్రకటించిరి. ప్రతి యింటిపైనను పతాక యెగురవలెనన్న కోరిక మంచిదే. ఆ కోరికతోపాటు పొందూరు రాట్నమునకును కొంత పని దొరకియున్న మరింత మంచిదై యుండెడిది.

మోసములు, ముద్రలు

కొనువారికి ఉపయోగపడు కొన్ని గుర్తులను ఇట చెప్పుదుము. పోగును శ్రావణముతో పట్టి సెగకు చూపుట మొదటిది. నూలు కాగితపు వాసనతో మండి మెత్తని బూడిద యగును. పట్టు వెండ్రుకలు కాలిన వాసన వేయును. పాలిస్టరు కరగి పూసకట్టును. రేయాను మాత్రము నూలువలెనే మండును. దానిని కనిపెట్టుటకు పోగును తడిపి లాగవలెను: తడిసిన నూలునకు బలము పెరుగును, తడిసిన రేయాను సులభముగా తెగును. రేయానునకు మూలము కఱ్ఱగుజ్జే. అది చెట్టునుండియే వచ్చినది. కాని ఆ గుజ్జును పోగుగా మార్చుటకు వాడు కార్బన్ డైసల్ఫైడు పనివారి నరములకు విషము. "వెదురు బట్ట" యని నేడు మురిపెముగా అమ్మునదియు చాలవరకు ఇట్టి రేయానే. 2009లో అమెరికా వర్తక సంఘాధికారులు ఇట్లు అమ్మినవారిపై చర్య తీసికొనిరి. లయోసెల్ అను రకములో ద్రావకమును దాదాపు పూర్తిగా తిరిగి పట్టి వాడుదురు గనుక, కఱ్ఱగుజ్జు నారలలో అది మేలు.

పోచంపల్లి, పుట్టపాక వంటి చోట్ల నేయు చిటికి చీరెలను కొనువారు గుడ్డను తిరగవేసి చూడవలెను. పోగునకే రంగు వేసి నేసిన చీరెకు రెండు వైపులను రంగు సమానముగా నుండును. పైన అచ్చువేసిన నకిలీకి వెనుక వెలవెలబోవును. ముద్రల విషయమున, 2006లో వచ్చిన చేనేత ముద్ర మగ్గముపై నేసినదని చెప్పును. 2004లో వచ్చిన పట్టుముద్ర శుద్ధమైన పట్టని చెప్పును. ఖాదీ ముద్ర చేత వడికి చేత నేసినదని చెప్పును. గాట్స్ అను అంతర్జాతీయ ముద్రకు నారలో నూటికి 70 పాళ్లకు తక్కువ కాకుండ సేంద్రియమై యుండుటయే గాక, రంగులకును పనివారి స్థితికిని నియమములు కలవు. ఓకోటెక్స్ వంటి ముద్ర గుడ్డలో మిగిలిన హానికర రసాయనములను మాత్రమే పరీక్షించును. పొలము సంగతి దానికి తెలియదు. ఏ ముద్ర ఏ మాట చెప్పుచున్నదో తెలిసికొన్నగాని ముద్రను చూచి మురియరాదు.

ధర మాటేమి?

"ఇవన్నియు ధనవంతుల ముచ్చటలు, మాకు వేయి రూపాయల చీరె యెక్కడిది?" యని అడుగు గృహిణికి మేము సమాధానము చెప్పవలసియున్నది. ఏటికి ఎన్ని కొందురు, ఒక్కొక్కటి ఎన్నేండ్లు కట్టుదురు అని లెక్కింపుడు. నాలుగు ఉతుకులకు వెలిసిపోవు మూడు చీరెల వెల ఒక మంచి నూలు చీరెకు సరిపోవును. ఆ నూలు చీరె గంజి పెట్టుకొని అయిదేండ్లు కట్టవచ్చును. కట్టి కట్టి మెత్తబడిన పిదప అది పసిపిల్లల పొత్తిగుడ్డ యగును, బొంతకు పొర యగును, తుదకు మసిగుడ్డ యగును. మన తల్లులకు ఈ శాస్త్రము ఎవ్వరును నేర్పలేదు. బీదతనమును పొదుపును కలిసి నేర్పినవి. పాలిస్టరు చీరె మసిగుడ్డకైనను పనికిరాదు, నీరు పీల్చదు.

కనుక మొట్టమొదటి నియమము ఏ బట్ట కొనవలెననునది కాదు; ఎంత తక్కువ కొనవచ్చుననునదే. బీరువాలో నున్న చొక్కాకు బొత్తాము కుట్టించుట క్రొత్త సేంద్రియ చొక్కా కొనుటకంటె భూమికి మేలు. పాలిస్టరు బట్టలు ఇప్పటికే యింట నున్నచో వానిని పారవేయక, చల్లని నీట, తక్కువమార్లు ఉతికి, చినుగువరకు వాడుటయే ధర్మము. క్రొత్తది కొనక తప్పనినాడు మాత్రము అడిగి కొనవలెను.

ప్రభుత్వముల బాధ్యతయు తక్కువది కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ చీరెల పంపిణీని ఆరంభించినప్పుడు సిరిసిల్ల మరమగ్గములకు పని దొరకినది. ఆకలితో నున్న నేతవారికి అది ప్రాణదానమే. కాని ఆ చీరెలలో హెచ్చు పాలు పాలిస్టరు. పనిని కల్పించు చేయియే పోగును కూడ ఎన్నుకొన గలదు. బడిపిల్లల దుస్తులు, ఆసుపత్రి దుప్పట్లు, వసతిగృహముల తువాళ్లు – వీనికి నూలును, అందును విషములేని పత్తినూలును, కొనుదుమని ప్రభుత్వములు మాటయిచ్చినచో, రైతు విత్తనము నాటుటకు ముందే సంత సిద్ధమగును. అద్దకము జరుగు ఊళ్లలో మురుగు శుద్ధికి ఉమ్మడి ఏర్పాటు చేయుట చిన్నచిన్న అద్దకపు వారి శక్తికి మించినది. అది ప్రభుత్వమే చేయవలసినది.

తుదిమాట

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా పురమందిరమున స్వదేశీ ఉద్యమము ఆరంభమైనది. ఆ జ్ఞాపకార్థమే 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆనాడు మన పెద్దలు బట్టను చూచి అడిగిన ప్రశ్న ఒక్కటియే: ఇది ఎవరి దేశమునుండి వచ్చినది? నేడు మనము మరి రెండు ప్రశ్నలు చేర్చవలసియున్నది: ఇది ఏ నేలను పాడుచేసి వచ్చినది? చినిగిన పిదప ఏ నీటిని పాడుచేయనున్నది? 2019–20 నాటి లెక్కల ప్రకారము ఈ దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారున్నారు. వీరి మగ్గములు నిలుచుటయు, కూలుటయు న్యాయస్థానములలో గాని శాసనసభలలో గాని పూర్తిగా తేలునది కాదు. ప్రతి దినమును దుకాణపు బల్లమీద తేలుచున్నది.

ఆ కరగిన పూసలను మేము చిన్న కాగితమున పొట్లముకట్టి మా వ్రాతబల్లపై నుంచుకొంటిమి. వచ్చు పండుగకు జవుళి కొనబోవునప్పుడు జేబులో వేసికొని పోవుదుము. దుకాణములోని వారు "అచ్చమైన నూలండి" యని చెప్పినప్పుడు, పొట్లము విప్పి చూపి, ఒక్క పోగు ఇప్పించుమని అడుగుదుము. పాఠకులును అట్లే అడుగుదురుగాక! నూరుమంది అడిగిన దుకాణమున నూటయొకటవ వానికి అబద్ధము చెప్పుట కష్టమగును.